కొత్త ఇంటికి నెట్: 100 చాలా, 300 కావాలా, 1 గిగా తీసుకోవాలా?

మేడగది:

కొత్త ఇంటికి మారుతున్నాం. రెండంతస్తులు, మధ్యలో కాంక్రీటు స్లాబు. లైను కింద హాల్లోకి వస్తుంది, నేను పనిచేసుకునే గది పైన వెనకవైపు ఉంది. మొత్తం నలుగురం. పగలంతా ఇద్దరికి వీడియో మీటింగులు, సాయంత్రం టీవీలో 4కే సినిమాలు, పిల్లవాడికి ఆన్‌లైన్ గేములు. నాలుగు సీసీ కెమెరాలు కూడా పెడుతున్నాం, వాటిని బయట ఉన్నప్పుడు ఫోన్లో చూసుకోవాలి.

ఫైబర్ వాళ్ల దగ్గర 100, 300, 1000 ప్లాన్లు ఉన్నాయి, అప్‌లోడ్ కూడా అంతే ఇస్తారట. టీవీ కేబుల్ వాళ్లు 500 అంటున్నారు గానీ అప్‌లోడ్ 25. ఇంకొకరు వైరే అక్కర్లేదు, 5జీ పెట్టె కిటికీలో పెడితే 300 వరకు వస్తుందంటున్నారు.

మాకు నిజంగా ఎంత కావాలి? ఏ రకం లైను మేలు? పై గదికి సిగ్నల్ ఎలా తీసుకెళ్లాలి? కంపెనీ ఇచ్చే రౌటర్ సరిపోతుందా, వేరే కొనాలా? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.


రాగితీగ:

మేడగది గారూ, ముందు లెక్క సరిచూసుకుందాం. కంపెనీ చెప్పే అంకె మెగాబిట్లలో ఉంటుంది, డౌన్‌లోడ్ విండోలో కనబడేది మెగాబైట్లలో. 8 బిట్లయితే ఒక బైటు. అంటే 100 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) లైన్లో ఫైలు సెకనుకు 12.5 మెగాబైట్ల చొప్పున దిగాలి. హెడర్లకు (ప్రతి డేటా ముక్క మీదా ఉండే చిరునామా లాంటి సమాచారానికి) కొంత పోతుంది కాబట్టి 11.5 నుంచి 11.8 వరకు వస్తే లైను భేషుగ్గా ఉన్నట్టే. "100కి డబ్బు కడితే 12 వస్తోంది" అని కంపెనీ మీదికి వెళ్లేవాళ్లు ముందు ఈ భాగహారం చేసుకుంటే చాలు.

ఇక ఇంట్లో ఖర్చు. 1080 వీడియోకి 5 ఎంబీపీఎస్ చాలు. 4కే అయితే సర్వీసును బట్టి 15 నుంచి 25. హెచ్‌డీ వీడియో కాల్‌కి 3 నుంచి 4, అదీ రెండు దిక్కులా. గేము ఆడుతున్నప్పుడు 1 కూడా ఖర్చవదు, దానికి కావలసింది ఆలస్యం లేకపోవడం. మీ ఇంట్లో రెండు 4కే తెరలు, రెండు మీటింగులు, ఒక గేము, నాలుగు ఫోన్లు ఒకేసారి నడిచాయనుకుందాం: 50 + 8 + 1 + 15, అంటే 75 లోపే. 100 చాలుతుంది గానీ ఊపిరాడదు. ఆ సమయంలో ఎవరి ల్యాప్‌టాప్‌కో అప్‌డేట్ మొదలైతే మిగతావాళ్లకి తెలిసిపోతుంది. 300 అయితే హాయిగా ఉంటుంది.

1 గిగాతో మీకు నిజంగా తేడా తెలిసేది పెద్ద ఫైళ్ల దగ్గర. 100 జీబీ గేము దిగడానికి 100 ప్లాన్లో 2 గంటల 13 నిమిషాలు, 300లో 45 నిమిషాలు, 1 గిగాలో దాదాపు 13 నిమిషాలు. అది కూడా అవతలి సర్వరు అంత వేగంగా పంపిస్తేనే, ఇవతల మీ డిస్కు అంత వేగంగా రాసుకోగలిగితేనే. అలాంటి పని నెలకోసారి వచ్చే ఇంటికి 1 గిగా అనవసరం అంటాను.

"అన్‌లిమిటెడ్" అన్నచోట కింద చిన్న అక్షరాల్లో నెలవారీ డేటా పరిమితి ఉందేమో చూడండి. 1 ఎంబీపీఎస్ చొప్పున ఒక గంట వాడితే 450 ఎంబీ. ఆ లెక్కన 15 ఎంబీపీఎస్ 4కే వీడియో గంటకి 6.75 జీబీ తింటుంది. 100 ప్లాన్‌కి 1000 జీబీ పరిమితి పెడితే, లైను నిండుగా నడిచినప్పుడు అది 22 గంటల సరుకు. ప్లాన్ పెద్దదై పరిమితి మాత్రం అంతే ఉంటే మీరు కొన్నది త్వరగా ఖాళీ చేసుకునే వీలు మాత్రమే. పరిమితి దాటాక ఎంతకి తగ్గిస్తారో కూడా అడగండి. 2కి తగ్గిస్తే ఇద్దరి మీటింగులు ఆగిపోయినట్టే. 20 ఉంచితే నెలాఖరు దాకా నెట్టుకురావచ్చు.


వేగమే_దైవం:

ఇంత లెక్క దేనికండీ? 1 గిగా తీసుకోండి, ఏ గొడవా ఉండదు.


పింగ్‌పట్టిక:

అలా తీసుకుని "పై గదిలో మీటింగ్ ఆగిపోతోంది" అని మళ్లీ ఇక్కడికే వస్తారు. ప్లాన్ పెంచితే పోయే జబ్బులు కొన్నే. కాల్ తెగడానికి ఎక్కువగా కారణం డౌన్‌లోడ్ చాలకపోవడం కాదు, ప్యాకెట్ (డేటా ముక్క) ఎక్కడో క్యూలో నిలబడిపోవడం.

కేబుల్ వాళ్ల 500/25 సంగతి తీసుకోండి. మోడెములో అప్‌లోడ్ కోసం 1 మెగాబైటు బఫరు (పంపేలోపు డేటా ఆగే చోటు) ఉందనుకుందాం. ఫోన్ ఫోటోలను క్లౌడుకి పంపడం మొదలుపెట్టగానే ఆ బఫరు నిండుతుంది. 1 మెగాబైటు అంటే 8 మెగాబిట్లు, వాటిని 25 ఎంబీపీఎస్ దారిలో ఖాళీ చేయడానికి 320 మిల్లీసెకన్లు. ఆ వెనకే వచ్చిన మీ మాట తాలూకు ప్యాకెట్ అంతసేపూ వరసలోనే ఉండాలి. మాటల్లో ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉండాలని అంతర్జాతీయ టెలికం సంస్థ ఐటీయూ వారి జీ.114 సిఫారసు. అంటే మీటింగ్ పాడైపోయింది, స్పీడు టెస్టులో మాత్రం 500 దర్జాగా కనబడుతుంది. అదే బఫరు 300 అప్‌లోడ్ ఉన్న ఫైబర్లో 27 మిల్లీసెకన్లలో ఖాళీ అవుతుంది. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. లైను ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, పెద్ద అప్‌లోడ్ నడుస్తుండగా ఒకసారి 1.1.1.1 అనే సర్వరుకి పింగ్ (పోయి రావడానికి పట్టే సమయం చూపే కమాండు) పెట్టి చూడండి. 10 మిల్లీసెకన్లు కాస్తా 300 అయితే జబ్బు ఇదే.

రౌటర్లో క్యూని అదుపులో పెట్టే ఎస్‌క్యూఎం అనే సెట్టింగ్ ఉంటే మందు దొరికినట్టే. అందులో కేక్ గానీ ఎఫ్‌క్యూ-కోడెల్ గానీ అనే పద్ధతి ఎంచుకుని, లైను నిజంగా ఇచ్చే వేగంలో 90 శాతం దగ్గర పరిమితి పెట్టండి. 25 అప్‌లోడ్ ఉంటే 22 అని. క్యూ మోడెములో కాకుండా రౌటర్లో తయారవుతుంది, రౌటర్ చిన్న ప్యాకెట్లకి ముందు దారి ఇస్తుంది. ఒక చిక్కుంది: ఇది ఆన్ చేస్తే ప్రతి ప్యాకెట్టూ రౌటర్ ప్రాసెసరు గుండా పోవాలి, ప్రాసెసరు భారం తగ్గించే హార్డ్‌వేర్ ఆఫ్‌లోడ్ పనిచేయదు. చవక రౌటర్ పెద్ద ప్లాన్ దగ్గర చేతులెత్తేస్తుంది, 500 లైను కాస్తా 200 అవుతుంది. అందుకని అప్‌లోడ్ వైపు మాత్రమే పెట్టుకుంటే చాలాచోట్ల సరిపోతుంది.

లైను రకాల గురించి. కేబుల్ టీవీ తీగలో అప్‌లోడ్‌కి మొదట్నుంచీ 5 నుంచి 42 మెగాహెర్ట్జ్ (కొన్ని దేశాల్లో 65) వరకు సన్నటి పట్టీ మాత్రమే వదిలారు. దాన్ని మీ వీధిలోని ఇళ్లన్నీ పంచుకుంటాయి. అప్‌లోడ్ 25 దగ్గర ఆగడానికి కారణం అది. 5జీ పెట్టెకు టవరే పంచుకునే దారి, పగలు 300 వచ్చినది రాత్రి 9కి 40 కావచ్చు. తీసుకోక తప్పకపోతే పెట్టె సెట్టింగుల పేజీలో ఆర్‌ఎస్‌ఆర్‌పీ (సిగ్నల్ బలం) చూడండి: -80 డీబీఎం దగ్గర్లో ఉంటే బాగుంది, -110 కంటే కిందికి పోతే వద్దు. పక్కనే ఎస్‌ఐఎన్‌ఆర్ (రొదతో పోలిస్తే సిగ్నల్ ఎంత స్పష్టంగా ఉందో చెప్పేది) ఉంటుంది, 20 పైన ఉంటే మంచిది, సున్నా దిగువకు పోతే సిగ్నల్ గీతలు ఎన్ని ఉన్నా లాభం లేదు. అద్దె ఇంటికో, ఫైబర్ తెగినప్పుడు రెండో దారిగానో అది పనికొస్తుంది.

ఫైబర్ కూడా పంచుకునేదే, అది మరచిపోకూడదు. జీపాన్ (ఒకే ఫైబర్‌ని చాలా ఇళ్లకి చీల్చే పద్ధతి) అయితే కంపెనీ వైపు ఒక పోర్టుకి దిగువకు 2.488, ఎగువకు 1.244 గిగాబిట్లు. దాన్ని 32 లేదా 64 ఇళ్లకి చీలుస్తారు. అందులో 1 గిగా ప్లాన్ అమ్మారంటే, అందరూ ఒకే క్షణంలో లాగరన్న నమ్మకం మీద అమ్మారన్నమాట. దాని కొత్త తరం ఎక్స్‌జీఎస్-పాన్ అయితే రెండు దిక్కులా దాదాపు 10 గిగాబిట్లు, దాని మీద 1 గిగా నిజంగానే నిలబడుతుంది. ఏది వేశారో అడిగితే టెక్నీషియన్ చెప్పేస్తాడు.

మీకు ఫైబర్ 300/300. రెండో మాట లేదు.


స్లాబుకింద:

పై గది విషయం నేను చెబుతాను. మీ అసలు సమస్య అదే అవుతుంది, ప్లాన్ కాదు.

వైఫై పెట్టె మీద రాసిన అంకెల్ని నమ్మొద్దు. రెండు యాంటెనాల వైఫై 5 ల్యాప్‌టాప్‌కి 80 మెగాహెర్ట్జ్ చానల్లో లింకు రేటు (రెండు పరికరాలూ కుదుర్చుకునే వేగం) 867, వైఫై 6 అయితే 1201. అదే గదిలో నిజంగా చేతికొచ్చేది అందులో 60 శాతం చుట్టుపక్కల. ఎందుకంటే గాలిలో ఒక సమయంలో ఒకరే మాట్లాడాలి, జవాబులకీ ఖాళీలకీ సమయం పోతుంది. ఇనుప చువ్వలున్న స్లాబు దాటేసరికి 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ నీరసపడిపోతుంది. ఫోను ఇక 2.4కి జారుకుంటుంది. అక్కడ 20 మెగాహెర్ట్జ్ చానల్లో లింకు రేటే 144, పొరుగువాళ్ల రౌటర్లన్నీ అందులోనే ఉంటాయి. కింద 300 ఉన్నా 1000 ఉన్నా పైన 40, 50 మధ్య కొట్టుకుంటూ ఉంటారు.

రిపీటరు కొనకండి. ఒకే రేడియోతో వినడం, మళ్లీ అదే చానల్లో చెప్పడం రెండూ చేసేదయితే సగం వేగం అక్కడే హరీ. మూడు బ్యాండ్ల మెష్ (ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైఫై పెట్టెల గుంపు) కొంత నయం, దానికి వెనక దారి కోసం విడి రేడియో ఉంటుంది. కానీ ఆ రేడియో కూడా అదే స్లాబు దాటాలి కదా.

ఇంటి పని ఇంకా జరుగుతుంటే పైకి ఒక క్యాట్ 6 నెట్‌వర్క్ తీగ లాగించండి, పైన గదిలో గానీ మెట్ల దగ్గర గానీ ఒక యాక్సెస్ పాయింట్ (తీగలో వచ్చిన నెట్‌ని వైఫైగా ఇచ్చే పెట్టె) పెట్టండి. ఈ పనికి అయ్యే ఖర్చు 1 గిగా ప్లాన్‌కి నెలనెలా కట్టే తేడాతో పోలిస్తే త్వరగానే తీరిపోతుంది.

తీగ కొనేటప్పుడు సీసీఏ అని రాసి ఉంటే తిప్పి పంపేయండి. అది అల్యూమినియం మీద రాగి పూత. నిరోధం ఎక్కువ, వంచితే విరుగుతుంది, పీఓఈ (నెట్ తీగలోనే కరెంటు) పంపితే వేడెక్కుతుంది. పూర్తి రాగి, సాలిడ్ కోర్ కావాలి. క్యాట్ 5ఈ అయినా 100 మీటర్ల వరకు గిగాబిట్ మోస్తుంది. క్యాట్ 6 అయితే 55 మీటర్ల వరకు 10 గిగాబిట్లు కూడా వెళ్తుంది కాబట్టి గోడలో పూడ్చేదానికి క్యాట్ 6 వేయడమే తెలివి. కరెంటు తీగల పైపులో దీన్ని దూర్చనివ్వకండి, విడిగా 25 మిల్లీమీటర్ల పైపు వేయించండి, లోపల ఒక లాగుడు తాడు వదిలేయండి. మలుపు దగ్గర తీగ మందానికి కనీసం నాలుగు రెట్ల వ్యాసార్థం ఉండాలి. ఎల్బో బదులు వంచిన పైపు వాడితే ఆ బాధ ఉండదు.

రెండు చివర్లా 568బీ అనే రంగుల వరసే కొట్టాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. జతల మెలి 13 మిల్లీమీటర్లకి మించి విప్పకూడదు. ప్లాస్టర్ కాకముందే టెస్టరు పెట్టి 8 దీపాలూ వరసగా వెలుగుతున్నాయో లేదో చూడండి.

కిందా పైనా వైఫై పేరు, పాస్‌వర్డ్ ఒకటే పెట్టండి, చానళ్లు మాత్రం వేరువేరుగా. 2.4లో కింద 1, పైన 6 లేదా 11, వెడల్పు 20 మాత్రమే. 5లో కింద 36, పైన 149 లాంటివి. 52 నుంచి 144 వరకు ఉన్నవి రాడార్‌తో పంచుకునే చానళ్లు. రాడార్ అలికిడి వింటే రౌటర్ చానల్ వదిలి పారిపోవాలి, మీటింగ్ మధ్యలో తెగుతుంది. ఖాళీగా ఉంటాయి కదా అని వాటిని ఎంచుకునేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని ఎంచుకోవాలి.


కాంతిరేఖ:

కెమెరాల గురించి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు చాలా కంపెనీలు ఒక పబ్లిక్ ఐపీని (ఇంటర్నెట్ చిరునామాని) అనేక ఇళ్లకి పంచుతున్నాయి. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (కంపెనీ మీ రౌటర్‌కి ఇచ్చిన చిరునామా) 100.64 నుంచి 100.127 మధ్య ఏదైనా అయితే మీరు ఆ గుంపులో ఉన్నట్టే. ఆ శ్రేణిని దీనికోసమే 2012లో ఆర్‌ఎఫ్‌సీ 6598 అనే ఇంటర్నెట్ పత్రం ద్వారా కేటాయించారు. 10తో మొదలైనా అంతే. బ్రౌజింగుకి, సినిమాలకి దీనివల్ల లోటు లేదు. కానీ బయటినుంచి ఇంట్లోకి రావడానికి పోర్ట్ ఫార్వర్డింగ్ పెడితే పనిచేయదు, మీ రౌటర్ తలుపు తీసినా దానికి ముందున్న కంపెనీ తలుపు మూసి ఉంటుంది.

యాప్ ద్వారా చూసే కెమెరాలైతే ఫర్వాలేదు. అవే లోపలి నుంచి కంపెనీ సర్వరుకి ఫోన్ చేసి కూర్చుంటాయి. మీ సొంత ఎన్‌వీఆర్‌కి (కెమెరాల రికార్డరుకి) నేరుగా రావాలంటే స్టాటిక్ ఐపీ (మారని సొంత చిరునామా) అడగాలి, లేదా ఐపీవీ6 (కొత్త తరం చిరునామాలు) వాడాలి, లేదా వైర్‌గార్డ్ మీద నడిచే టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ (బయటివాళ్లకి కనబడని దారి) ఇంట్లో ఒక పెట్టెలో పెట్టుకోవాలి. నా ఓటు మూడోదానికే. ఎన్‌వీఆర్ పోర్టు నేరుగా ఇంటర్నెట్టుకి తెరిచి, పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేస్తే మీకంటే ముందు వేరేవాళ్లు చూస్తారు.

రికార్డింగ్ ఇంట్లోని డిస్కు మీదనే అయితే మీరు చూసినప్పుడు మాత్రమే అప్‌లోడ్ ఖర్చవుతుంది. క్లౌడు రికార్డింగ్ నిరంతరం పెడితే లెక్క మారుతుంది: ఒక్కో కెమెరా 2 ఎంబీపీఎస్ అనుకుంటే రోజుకి 21.6 జీబీ, నాలుగింటికి నెలకి దాదాపు 2,600 జీబీ. రాగితీగ గారు చెప్పిన డేటా పరిమితిలో అప్‌లోడ్ కూడా కలుస్తుందో లేదో కనుక్కోకుండా ఆ బటన్ నొక్కకండి.

కంపెనీ రౌటర్ గురించి: ఫైబర్ పెట్టెనే, అంటే ఓఎన్‌టీనే, వాళ్లు రౌటర్‌గా కూడా వాడతారు. దానికి మీ రౌటర్ తగిలిస్తే రెండుచోట్ల నాట్ (చిరునామా మార్పిడి) జరుగుతుంది. ఆపైన ఇందాక చెప్పిన కంపెనీ నాట్ కూడా ఉంటే గోరుచుట్టు మీద రోకటిపోటు, గేము కన్సోల్ అలిగి కూర్చుంటుంది. ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి నెట్‌ని అలాగే దాటించేలా) పెట్టమని అడగండి, అప్పుడు పీపీపీఓఈ (కంపెనీ లాగిన్ పద్ధతి) యూజర్ పేరు, పాస్‌వర్డ్, వీల్యాన్ నంబరు మీ రౌటర్లో వేయాలి. ఈ మూడూ టెక్నీషియన్ వెళ్లిపోకముందే రాయించుకోండి. పీపీపీఓఈకి 8 బైట్లు పోతాయి కాబట్టి ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) 1492 ఉండాలి, 1500 అని వదిలేస్తే కొన్ని సైట్లు తెరుచుకుని కొన్ని వేలాడతాయి. ల్యాండ్‌లైన్ ఫోన్ కూడా అదే పెట్టెలోంచి వస్తుంటే బ్రిడ్జ్ చేశాక అది మూగబోవచ్చు, ముందే అడగండి. ఇవేవీ అక్కర్లేదనుకుంటే వాళ్ల పెట్టెనే రౌటర్‌గా ఉంచి, పైన పెట్టేదాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో మాత్రం వాడండి. మీ ఇంటికి అది చాలు.

అదే వీధిలో అదే కంపెనీ లైను ఉన్న ఇంటివాళ్లని రాత్రి 8 నుంచి 11 మధ్య ఎలా ఉంటోందో అడగడం మరవకండి. ఏ కరపత్రంలోనూ అది రాయరు.


మేడగది:

అందరికీ ధన్యవాదాలు. ఫైబర్ 300/300 పెట్టించాం. పైకి క్యాట్ 6 కూడా వేశారు, టెస్టరులో 8 దీపాలూ వెలిగాయి. రెండు చిక్కులు వచ్చాయి. కింద ఓఎన్‌టీ రెండో పోర్టుకి ల్యాప్‌టాప్ తగిలిస్తే 94 దాటడం లేదు, పైన కూడా అంతే. ఇంకోటి, రోజులో కొన్నిసార్లు ఎల్‌ఓఎస్ దీపం (వెలుగు అందడం లేదని చెప్పేది) ఎర్రగా మిణుకుమని నిమిషంసేపు నెట్ పోతోంది. సెట్టింగుల పేజీలో ఆర్‌ఎక్స్ పవర్ (అందే వెలుగు) -27.6 డీబీఎం అని ఉంది. కంపెనీకి ఫోన్ చేస్తే పెట్టె ఆపి ఆన్ చేయమన్నారు.


రాగితీగ:

94 అనేది చాలా నిజాయితీ గల అంకె, జబ్బు పేరు అదే చెప్పేస్తుంది. 100 ఎంబీపీఎస్ ఈథర్‌నెట్ లింకు మీద హెడర్లు పోగా మిగిలేది సరిగ్గా అంతే. గిగాబిట్ లింకు అయితే 300 ప్లాన్లో 280 పైనే రావాలి, 1 గిగా ప్లాన్లో 940 దగ్గర ఆగాలి. అంటే దారిలో ఎక్కడో ఒక లింకు 100కి కుదిరింది.

దానికి ఎక్కువగా కారణాలు రెండు. చవక ఓఎన్‌టీల్లో మొదటి పోర్టు ఒక్కటే గిగాబిట్ ఉండి మిగతావి 100వి ఉంటాయి, పెట్టె మీద జీఈ, ఎఫ్‌ఈ అన్న గుర్తులు చూడండి. జీఈ అంటే గిగాబిట్, ఎఫ్‌ఈ అంటే 100 మాత్రమే. మీరు రెండో పోర్టు అన్నారు కాబట్టి నా అనుమానం అక్కడే. అది కాకపోతే తీగ: 100కి రెండు జతలు చాలు (1-2, 3-6), గిగాబిట్‌కి నాలుగూ కావాలి. 4, 5, 7, 8లో ఒక్కటి సరిగా తగలకపోయినా రెండు పెట్టెలూ కిమ్మనకుండా 100కి దిగిపోతాయి. దీపాల టెస్టరు తగిలిందా లేదా అన్నదే చెబుతుంది, ఎంత బాగా తగిలిందో చెప్పదు. తీగను మొదటి పోర్టుకి మార్చి, ల్యాప్‌టాప్‌లో ఈథర్‌నెట్ లింకు వేగం 1000 చూపిస్తోందో లేదో చూడండి. అది 1000 అయితే తీగ మీద అనుమానం వదిలేయండి.


కాంతిరేఖ:

-27.6 బాగాలేదు. జీపాన్ ఓఎన్‌టీ మామూలుగా -8 నుంచి -27 మధ్య వెలుగునే సరిగా చదవగలదు. మీరు గట్టు మీద నిలబడ్డారు. కొంచెం ఎండకి తీగ సాగినా, గాలికి ఊగినా కిందపడుతున్నారు. ఆపి ఆన్ చేస్తే వెలుగు పెరగదు.

ఎంత ఉండాలో లెక్క కట్టి చూపిస్తాను, టెక్నీషియన్‌తో మాట్లాడటానికి పనికొస్తుంది. ఎక్స్చేంజీ వైపు +3 డీబీఎంతో బయల్దేరిందనుకోండి. 32 చీలికలకి 17.5 డెసిబెళ్లు పోతాయి. 4 కిలోమీటర్ల ఫైబర్‌కి, కిలోమీటరుకి 0.3 చొప్పున, 1.2. కనెక్టర్లు, స్ప్లైసులు (ఫైబర్ అతుకులు) కలిపి 2. మిగిలేది -17.7. 64 చీలికలైతే ఇంకో 3.5 తగ్గి -21 దగ్గర. మీ దగ్గర -27.6 ఉందంటే 6 నుంచి 10 డెసిబెళ్లు దారిలో ఎక్కడో కారిపోతున్నాయి. 3 పోతే సగం వెలుగు, 10 పోతే పదోవంతే మిగులుతుందని గుర్తుపెట్టుకుంటే ఇది ఎంత నష్టమో అర్థమవుతుంది.

ఎక్కడ వెతకాలంటే: గోడ మూలల్లో, మేకుల కింద, తలుపు సందులో ఫైబర్ వంపు. పాత జీ.652 ఫైబర్ 30 మిల్లీమీటర్ల వ్యాసార్థం కంటే దగ్గరగా వంచితే వెలుగు బయటికి కారుతుంది, జీ.657ఏ2 అయితే 7.5 వరకు ఓర్చుకుంటుంది. వంపు నష్టం పొడుగు తరంగాలకి ఎక్కువ, అందుకే మీకు వచ్చే 1490 నానోమీటర్ల దిగువ వెలుగు, మీరు పంపే 1310 కంటే ముందు దెబ్బతింటుంది. మిగిలిన చుట్టను టైతో బిగించి కట్టేసి ఉంటే వదులు చేయండి, అది మీరే చేయవచ్చు.

తర్వాత కనెక్టరు రంగు. ఆకుపచ్చది ఏపీసీ, దాని మొన 8 డిగ్రీల వాలుగా చెక్కి ఉంటుంది. నీలంది యూపీసీ, మొన తిన్నగా ఉంటుంది. ఆకుపచ్చని నీలం సాకెట్లో గుచ్చితే పట్టేస్తుంది, కానీ మొనల మధ్య ఖాళీ ఉండి అనేక డెసిబెళ్లు పోతాయి. రెండు వైపులా ఒకే రంగు ఉందో లేదో చూడండి. ఇక చివరి అనుమానం మీద టెక్నీషియనే చేయి వేయాలి: ఇంట్లో బిగించిన ఫాస్ట్ కనెక్టరు. ఫైబర్ మొనని తిన్నగా కోయకుండా లోపల దూర్చితే మొదటిరోజు బాగానే ఉండి తర్వాత జారుతుంది. మళ్లీ కొట్టమనండి, లేదా ఫ్యాక్టరీలోనే కనెక్టరు బిగించిన ఫైబర్ ముక్క (పిగ్‌టెయిల్) పెట్టి, కరిగించి అతికే ఫ్యూజన్ స్ప్లైస్ చేయమనండి. మొనలు తుడవడానికి ఫైబర్ క్లీనర్ పెన్ను కావాలి, చొక్కా అంచు, నోటి గాలి రెండూ మురికిని పెంచేవే.

ఫైబర్ మొనలోకి కంటితో చూడకండి. అందులో వెలుగు కనబడదు, కాని ఉంటుంది.

ఫిర్యాదులో "నెట్ స్లో" అని రాయించకండి. "ఆర్‌ఎక్స్ -27.6, ఎల్‌ఓఎస్ మిణుకుతోంది, పవర్ మీటరుతో డ్రాప్ కేబుల్ రెండు చివర్లా 1490 దగ్గర కొలవాలి" అని రాయిస్తే ఫోన్లో రీస్టార్ట్ సలహా దాటి మనిషే వస్తాడు. వీధిలో ఫైబర్‌ని ఇళ్లకి చీల్చే స్ప్లిట్టరు పెట్టె దగ్గర -19 ఉండి మీ ఇంట్లో -27 ఉంటే తప్పు అక్కడినుంచి మీ ఇంటికొచ్చే డ్రాప్ కేబుల్లో. అక్కడే -26 ఉంటే తప్పు వీధిలో, పొరుగు ఇళ్లకి కూడా అదే గతి పట్టి ఉంటుంది.


మేడగది:

మొదటి పోర్టుకి మార్చగానే 287 వచ్చింది. పైన కూడా తీగతో అంతే. టెక్నీషియన్ వచ్చి కొలిస్తే స్ప్లిట్టరు దగ్గర -18.9, ఇంట్లో -27.4. ఫాస్ట్ కనెక్టరు తీసి కొత్తది కొట్టాడు, కిటికీ మూల దగ్గర మేకు తీయించాం. ఇప్పుడు -19.6, ఎల్‌ఓఎస్ దీపం ఆరిపోయింది. ఆఖరి ప్రశ్న: కరెంటు పోయినప్పుడు నెట్ నడవాలంటే చిన్న యూపీఎస్‌లు ఉంటాయట, ఏది కొనాలి? పైన ఉన్న యాక్సెస్ పాయింట్ పీఓఈతో నడుస్తుంది.


పింగ్‌పట్టిక:

-19.6 చక్కగా ఉంది. ఆ అంకెను తేదీతో రాసి ఓఎన్‌టీ వెనక అంటించండి, రేపు ఏదైనా తేడా వస్తే పోల్చుకోవచ్చు.

ఫైబర్ దారిలో స్ప్లిట్టరుకి కరెంటు అక్కర్లేదు, ఎక్స్చేంజీలో బ్యాటరీ ఉంటే మీ లైను నడుస్తూనే ఉంటుంది. మీ వైపు పెట్టెలకి కరెంటు ఇస్తే చాలు. ఓఎన్‌టీ అడాప్టర్ మీద రాసింది చూడండి: 12 వోల్టులు, 1 ఆంపియరు అని ఉంటే గరిష్ఠం 12 వాట్లు, మామూలుగా అంతకంటే తక్కువే లాగుతుంది. డీసీ మినీ యూపీఎస్‌లో వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ. పిన్ను లోపల ప్లస్సా మైనస్సా అన్న బొమ్మ రెండిటి మీదా ఒకేలా ఉండాలి, తిరగబడితే ఓఎన్‌టీ పోతుంది, అది కంపెనీ సొత్తు.

మినీ యూపీఎస్ మీద 10000 ఎంఏహెచ్ అని పెద్దక్షరాల్లో రాస్తారు, అది లోపలి సెల్లు 3.7 వోల్టుల దగ్గర. అంటే 37 వాట్-అవర్లు, మార్పిడిలో పోగా 31 అనుకోండి. 10 వాట్ల భారానికి 3 గంటలు వస్తుంది. పైన యాక్సెస్ పాయింట్ ఇంకో 10 లాగితే గంటన్నర.

పీఓఈ దగ్గర జాగ్రత్త. మీ యాక్సెస్ పాయింట్ 802.3ఏఎఫ్ (ప్రామాణిక పీఓఈ) రకం అయితే దానికి 48 వోల్టుల దగ్గర, పోర్టుకి 15.4 వాట్ల వరకు ఇచ్చే ఇంజెక్టర్ (నెట్ తీగలోకి కరెంటు ఎక్కించే పెట్టె) కావాలి. చాలా మినీ యూపీఎస్‌లలో పీఓఈ అని రాసి ఉన్న పోర్టు 15 లేదా 24 వోల్టుల పాసివ్ (అవతలి పెట్టెని అడక్కుండానే కరెంటు పంపే) రకం, దానితో ఏఎఫ్ పెట్టె లేవదు. యాక్సెస్ పాయింట్‌కి 12 వోల్టుల డీసీ సాకెట్ కూడా ఉంటే పైన ఇంకో మినీ యూపీఎస్ పెట్టేయండి, అది తేలిక. లేకపోతే కింద ఇంజెక్టర్‌నూ ఓఎన్‌టీనీ కలిపి మామూలు ఏసీ యూపీఎస్ మీద పెట్టండి. ఏ చిన్న ఏసీ యూపీఎస్ అయినా 20 వాట్లని మోస్తుంది. కాకపోతే ఇన్వర్టరు తనకోసమే కొంత తింటుంది కాబట్టి బ్యాటరీ మీద రాసినంతసేపు రాదు. కెమెరాల ఎన్‌వీఆర్‌ని మాత్రం దాని మీద పెట్టకండి, అందులో తిరిగే డిస్కు, నాలుగు కెమెరాల పీఓఈ కలిస్తే ఆ బ్యాటరీ చాలదు. దానికి విడిగా చూసుకోవాలి.